సమరియా లోయలో సాహస నడక: ప్రణాళిక మొదలు కావాల్సింది చివరి పడవ నుంచే

గ్రీస్‌లోని క్రీట్ ద్వీపానికి వెళ్లే పర్యాటకులను ఎక్కువగా ఆకర్షించే వాటిలో సమరియా లోయ ఒకటి. తెల్ల కొండలుగా పేరొందిన పర్వతశ్రేణిని చీల్చుకుంటూ దక్షిణాన లిబియా సముద్రం వరకు సాగే ఈ ఇరుకు లోయలో నడక దూరం దాదాపు 16 కిలోమీటర్లు. సముద్రమట్టానికి 1,200 మీటర్లకు పైగా ఎత్తున మొదలయ్యే దారి అలల ఒడ్డున ముగుస్తుంది. ఎక్కడం దాదాపు లేదు, అంతా దిగడమే. ఆ కారణంగానే చాలామంది దీనిని తేలికగా తీసుకుంటారు. అసలు కష్టం ఎక్కడుందో తెలిస్తే తప్ప ఈ నడకకు సరైన ప్రణాళిక వేసుకోవడం సాధ్యం కాదు.

లోయ స్వరూపం

ఒమలోస్ పీఠభూమి అంచున ఉన్న క్సిలోస్కాలో వద్ద నడక ప్రారంభమవుతుంది. ఆ పేరుకు ‘కొయ్య మెట్లు’ అని అర్థం. అక్కడి నుంచి దారి మెలికలు తిరుగుతూ నిటారుగా దిగుతుంది. మొదటి నాలుగు కిలోమీటర్లలోనే మొత్తం ఎత్తులో దాదాపు సగం దిగిపోతారు. ఆ తర్వాత వాగు వెంబడి గులకరాళ్లపై, చిన్న చిన్న కొయ్య వంతెనలపై నడక సాగుతుంది. సగం దూరంలో సమరియా అనే పాడుబడిన గ్రామం కనిపిస్తుంది. 1962లో ఈ ప్రాంతాన్ని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించినప్పుడు గ్రామస్థులు ఊరు విడిచి వెళ్లారు. ఇంకా దిగువన ‘ద్వారాలు’గా పిలిచే చోట లోయ మూడు, నాలుగు మీటర్ల వెడల్పుకు కుంచించుకుపోతుంది. ఇరువైపులా సుమారు 300 మీటర్ల ఎత్తున రాతి గోడలు నిలుస్తాయి. ఉద్యానవనం సరిహద్దు దాటాక మరో మూడు కిలోమీటర్లు నడిస్తే అయా రూమెలి అనే తీర గ్రామం వస్తుంది. క్రీ-క్రీ అనే అరుదైన అడవి మేకకు ఈ లోయ ఆవాసం.

తిరిగి వెళ్లే దారి సముద్రమే

అయా రూమెలికి రోడ్డు మార్గం లేదు. నడక ముగించినవారు పడవలో పడమర దిక్కున సూయా గ్రామానికో, తూర్పున ఖోరా స్ఫాకియోన్‌కో చేరుకుని, అక్కడి నుంచి బస్సులో ఉత్తర తీరంలోని హనియా నగరానికి వెళ్లాలి. 1941 మేలో జర్మన్ సేనలు క్రీట్‌పై దాడి చేసినప్పుడు గ్రీస్ రాజు రెండవ జార్జ్ తెల్ల కొండలు దాటి వచ్చి, ఈ గ్రామ తీరం నుంచే బ్రిటిష్ యుద్ధనౌకలో ఈజిప్టుకు తరలివెళ్లారు. నేటి పర్యాటకులకూ బయటపడే దారి సముద్రమే.

అందువల్ల ప్రణాళికను చివరి నుంచి మొదటికి వేసుకోవడం మేలు. ఆ రోజు చివరి పడవ సాయంత్రం 5.30 గంటలకు ఉందనుకుంటే, భోజనానికి, విశ్రాంతికి, అనుకోని ఆలస్యానికి రెండు గంటలు విడిచిపెట్టి 3.30కల్లా తీరం చేరాలి. సాధారణంగా ఈ నడకకు ఐదు నుంచి ఏడు గంటలు పడుతుంది. నిదానంగా నడిచేవారు ఏడు గంటలు లెక్కించుకుంటే ఉదయం 8.30లోపు లోయలో అడుగుపెట్టాలి. హనియా నుంచి ఒమలోస్‌కు కొండ దారిలో బస్సు ప్రయాణం ఇంచుమించు గంట. కనుక తెల్లవారుజామున బయలుదేరే బస్సే సరైన ఎంపిక. పడవల వేళలు కాలాన్ని బట్టి మారతాయి. గాలులు ఉద్ధృతంగా ఉంటే పడవలు రద్దయ్యే అవకాశమూ ఉంది. ముందు రోజే వేళలను నిర్ధారించుకోవడం, అవసరమైతే అయా రూమెలిలో ఒక రాత్రి బస చేసేందుకు సిద్ధపడటం మంచిది. మరుసటి ఉదయమే విమానం ఉన్నవారు ఈ నడక పెట్టుకోకపోవడమే మేలు.

దిగడం ఎందుకు కష్టం

మెట్లు ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది కాబట్టి మనిషి తనంతట తానే ఆగుతాడు. దిగేటప్పుడు అలాంటి హెచ్చరిక ఉండదు. తొడ కండరాలు సాగుతూనే శరీర భారాన్ని ఆపవలసి రావడంతో అవి త్వరగా అలసిపోతాయి. మోకాళ్లపై ఒత్తిడి పెరుగుతుంది. బూటు ముందు భాగానికి వేళ్లు పదేపదే తగిలి గోళ్లు దెబ్బతింటాయి. కాళ్లు వణకడం మొదలయ్యే సమయానికి వెనక్కి తిరగడం ఇంకా కష్టమవుతుంది, ఎందుకంటే వెనుక ఉన్నది నిటారు ఎక్కుడు.

అందుకే సన్నద్ధత కొన్ని వారాల ముందే మొదలు కావాలి. చదునైన నేలపై నడక ఒక్కటే సరిపోదు. మెట్లు, కొండ దారులు దిగడం సాధన చేయాలి. అడుగున పట్టు ఉన్న, అప్పటికే పాదానికి అలవాటైన బూట్లు ధరించాలి. చేతికర్రల జత ఉంటే మోకాళ్లపై భారం తగ్గుతుంది. మోకాలి నొప్పులున్నవారు, చిన్నపిల్లలతో వెళ్లేవారు పడవలో నేరుగా అయా రూమెలి చేరుకుని, అక్కడి నుంచి ‘ద్వారాల’ వరకు నడిచి తిరిగి రావచ్చు.

దిగేకొద్దీ పెరిగే వేడి

పర్వతారోహణలో పైకి వెళ్లేకొద్దీ చల్లబడుతుంది. ఇక్కడ పరిస్థితి తలకిందులు. సగటున ప్రతి 1,000 మీటర్ల దిగుడుకు ఉష్ణోగ్రత ఆరేడు డిగ్రీలు పెరుగుతుంది. దానికి తోడు పొద్దు కూడా పైకెక్కుతుంది. ఉదయం పలుచటి స్వెట్టర్ అవసరమైన వ్యక్తే మధ్యాహ్నం నీడ లేని చివరి మూడు కిలోమీటర్లను మండుటెండలో దాటవలసి వస్తుంది. 2024 జూన్‌లో వడగాలుల సమయంలో గ్రీస్ దీవుల్లో నడకకు వెళ్లిన పలువురు విదేశీ పర్యాటకులు ప్రాణాలు కోల్పోయారు. 40 డిగ్రీల ఎండలు తమకు కొత్త కాదని తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లేవారు అనుకోవచ్చు. అయితే సొంత ఊళ్లో మిట్టమధ్యాహ్నం నీడ పట్టున ఉండటానికీ, అదే వేళ రాళ్లపై గంటల తరబడి నడవడానికీ ఎంతో తేడా ఉంది.

దారి పొడవునా అక్కడక్కడ తాగునీటి ఊటలు ఉన్నాయి. అయినా కనీసం లీటరు సీసా వెంట ఉంచుకుని, ప్రతి ఊట వద్ద నింపుకోవాలి. లోయలో ఆహారం అమ్మరు. తేలికపాటి భోజనం, ఉప్పు కలిసిన చిరుతిళ్లు, ఓఆర్ఎస్ పొట్లాలు, టోపీ తప్పనిసరి.

కాలం, నిబంధనలు

లోయను సాధారణంగా మే మొదటి వారం నుంచి అక్టోబరు నెలాఖరు వరకు తెరుస్తారు. వాన కురిస్తే ఇరుకు గోడల మధ్య వాగు ఒక్కసారిగా పెరుగుతుంది, పైనుంచి రాళ్లు జారిపడతాయి. అందుకే వర్షం, తీవ్రమైన ఎండల సూచన ఉన్న రోజుల్లో అధికారులు ప్రవేశాన్ని నిలిపివేస్తారు. మే నెలాఖరు, సెప్టెంబరు చివరి వారాలు నడకకు అనువైనవి. ఒకే తేదీపై ఆధారపడకుండా మరో రోజును చేతిలో ఉంచుకోవాలి.

లోయలో రాత్రి బస, నిప్పు రాజేయడం, వాగులో ఈత నిషిద్ధం. ప్రవేశ టికెట్‌ను చివరి వరకు భద్రపరచాలి. లోపల ఎవరూ చిక్కుకుపోలేదని నిర్ధారించుకోవడానికి దిగువ ద్వారం వద్ద దానిని పరిశీలిస్తారు. రాళ్లు పడే ప్రమాదమున్న చోట్ల హెచ్చరిక బోర్డులు కనిపిస్తాయి. అక్కడ ఫొటోల కోసం ఆగకుండా వేగంగా దాటాలి. వాహనాలు వెళ్లలేని ఈ దారిలో గాయపడినవారిని తరలించడానికి కంచర గాడిదలే ఆధారం. ఐరోపా అత్యవసర నంబరు 112 అయినా, ఎత్తైన గోడల మధ్య ఫోన్ సిగ్నల్ అందుతుందన్న భరోసా ఉండదు. ఒంటరిగా వెళ్లకపోవడమే క్షేమం.

భారత్ నుంచి వెళ్లేవారికి

గ్రీస్ షెంగెన్ ఒప్పంద దేశం. భారతీయ పాస్‌పోర్టుపై వెళ్లేవారికి షెంగెన్ వీసా, కనీసం 30,000 యూరోల వైద్య బీమా అవసరం. కొండ నడకలో జరిగే ప్రమాదాలు, తరలింపు ఖర్చులు బీమా పరిధిలోకి వస్తాయో లేదో ముందే చదివి తెలుసుకోవాలి. ఏథెన్స్ నుంచి హనియాకు విమానంలో గానీ, పిరేయస్ రేవు నుంచి రాత్రి ఓడలో గానీ చేరుకోవచ్చు.

అన్నీ సమకూర్చుకున్నా ఒక నిర్ణయం మాత్రం లోయలోనే తీసుకోవాల్సి ఉంటుంది. మొదటి కిలోమీటరు, రెండు కిలోమీటర్లలోనే మోకాలు నొప్పెడితే, ఒంట్లో నలతగా ఉంటే అక్కడి నుంచే వెనుదిరగడం ఉత్తమం. అక్కడ కొంతసేపు ఎక్కితే పైకి చేరవచ్చు. సమరియా గ్రామం దాటాక ఆ వెసులుబాటు ఉండదు, మిగిలేది తీరం వైపు నడక ఒక్కటే.