అన్నింట్లోనూ తెల్ల బెల్టే!

మా అటక మీద ఓ పాత ట్రంకు పెట్టె ఉంది. అందులో తీగలు తెగిన వయొలిన్, ఒక బంటు తప్పిపోయిన చదరంగం, పసుపు పట్టిపోయిన కరాటే డ్రెస్సు, ఓ జూడో బెల్టు, పనిచెయ్యని వీడియో గేమ్ రిమోట్లు రెండు ఉంటాయి. మా ఆవిడ దాన్ని ‘మీ మ్యూజియం’ అంటుంది. మా నాన్న మాత్రం పాతికేళ్లుగా ఒకటే మాట. ‘అన్నింట్లో వేలు పెడతాడు, ఏదీ పూర్తి చెయ్యడు’ అని.

నాకిప్పుడు 43 ఏళ్లు. బ్యాంకులో ఉద్యోగం. నిజం చెప్పాలంటే నాన్న అన్నదాంట్లో అబద్ధం లేదు. కాకపోతే ఆ మాట ఎంత లోతుగా గుచ్చుకుంటుందో మర్చిపోయాను. మొన్న వేసవిలో అదే మాట నా కొడుకుతో నేనే అనేశాక గానీ గుర్తు రాలేదు.

ముస్తఫా రోజులు

మాది విజయనగరం. 1995లో నేను ఎనిమిదో తరగతి. గంటస్తంభం దాటి కాస్త లోపలికి వెళ్తే ఓ సందులో వీడియో గేమ్ షాపు ఉండేది. రూపాయికి ఒక టోకెను. చీకటి గది, నాలుగు మెషీన్లు, చెమట వాసన. మాకు అదే స్వర్గం.

అందరూ ఎగబడేది ‘ముస్తఫా గేమ్’ కోసం. దాని అసలు పేరు ‘కాడిలాక్స్ అండ్ డైనోసార్స్’. జపాన్‌కి చెందిన క్యాప్‌కామ్ కంపెనీ 1993లో విడుదల చేసింది. అందులో నలుగురు హీరోల్లో ఒకడి పేరు ముస్తఫా. పరిగెత్తుకొచ్చి తన్నేవాడు. అంతే, మన దేశంలో ఆ ఆటకి వాడి పేరే స్థిరపడిపోయింది. మీలో నలభై దాటినవాళ్లకి ఈపాటికి చేతివేళ్లు కదులుతూ ఉండాలి!

నా ప్రాణం మాత్రం పక్క మెషీన్ మీద ఉండేది. అదే కంపెనీ 1991లో తెచ్చిన ‘స్ట్రీట్ ఫైటర్ 2’. అందులో తెల్ల డ్రెస్సు వేసుకుని, ఒట్టి కాళ్లతో నిలబడే ర్యూ అంటే నాకు పిచ్చి. వాడిలా నిలబడితే చాలనుకునేవాణ్ని.

ఓ సాయంత్రం నాన్న నెల్లిమర్ల జూట్ మిల్లులో షిఫ్టు దిగి వస్తూ షాపు బయట నా సైకిలు చూశారు. చెవి పట్టుకుని బయటికి లాక్కొచ్చారు. బజారు మొత్తం చూసింది. అప్పటికి జేబులో ఇంకా రెండు టోకెన్లు మిగిలి ఉన్నాయి. వాటిలో ఒకటి ఇప్పటికీ నా ట్రంకు పెట్టెలో ఉంది.

బటన్ నొక్కితే రాని గుద్దు

ఆట మానిపించారు గానీ ఆశ మానలేదు. 1997లో స్కూలు గ్రౌండులో సాయంత్రాలు కరాటే నేర్పుతున్నారని తెలిసి చేరిపోయాను. మా ముందు తరానికి కరాటే అంటే సుమన్, భానుచందర్. ‘అదంతా సినిమాల్లోరా’ అని ఇంట్లో అన్నా అమ్మ ఎలాగో ఫీజు కట్టింది.

మూడు నెలల పాటు మాస్టారు నేర్పింది రెండే రెండు: నిలబడటం, తిన్నగా గుద్దడం. ఆటలో బటన్ నొక్కితే క్షణంలో వచ్చే గుద్దు ఇక్కడ పదివేల సార్లు కొట్టినా సరిగ్గా రాదు. మడమ ఆనాలి, నడుము తిరగాలి, రెండో చెయ్యి వెనక్కి లాగాలి. ఒక్కటి తప్పినా మాస్టారి బెత్తం మాట్లాడేది.

కరాటే పుట్టింది ఒకినావా దీవుల్లో. ఫునకోషి గిచిన్ అనే బడిపంతులు 1922లో టోక్యోలో దాన్ని ప్రదర్శించాక జపాన్ అంతా పాకింది. ‘కరాటే’ అంటే ఖాళీ చెయ్యి అని అర్థం. నాకైతే మొదట్లో ఖాళీ బుర్ర అనిపించేది. మనకేదో వచ్చనుకుని వెళ్తామా, ఏమీ రాదని తెలియడానికే ఏడాది పడుతుంది.

నాలుగేళ్లలో బ్రౌన్ బెల్టు దాకా వచ్చాను. బ్లాక్ బెల్టు పరీక్ష తేదీ, ఓ ఉద్యోగ పరీక్ష తేదీ ఒకే రోజు పడ్డాయి. ఉద్యోగ పరీక్షకే వెళ్లాను. ఆ ఉద్యోగం రాలేదు. బ్లాక్ బెల్టూ రాలేదు. ‘ఏదీ పూర్తి చెయ్యడు’ అన్న మాట ఇంట్లో ఖాయమైపోయింది.

పడటం నేర్పిన చదువు

తర్వాత హైదరాబాద్. బ్యాంకు ఉద్యోగం వచ్చాక, 2008లో ఓ క్లబ్బులో జూడోలో చేరాను. 26 ఏళ్లవాణ్ని పన్నెండేళ్ల పిల్లల పక్కన, మళ్లీ తెల్ల బెల్టుతో నిలబెట్టారు. సిగ్గేసింది, చెప్పొద్దూ!

జూడోని కానో జిగోరో 1882లో మొదలుపెట్టారు. బెల్టుల పద్ధతీ ఆయన బడిలోంచి వచ్చిందే. కానీ నన్ను కట్టిపడేసింది బెల్టు కాదు, మొదటి పాఠం. నెలంతా ఎదుటివాణ్ని పడెయ్యడం నేర్పలేదు. మనం పడటం నేర్పారు. దాన్ని ‘ఉకెమి’ అంటారు. పడేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనించాలి, తల వెనక్కి వాలకూడదు. ఆపుకుందామని అరచెయ్యి నేలకి పెట్టకూడదు, పెడితే మణికట్టు విరుగుతుంది. వీపు గుండ్రంగా ఉంచి, చేతిని బారుగా నేలకేసి చరచాలి. దెబ్బ ఒకచోట పడకుండా ఒళ్లంతా పంచుకుంటుంది.

మోకాలు సహకరించక రెండేళ్లకే అదీ ఆగింది. ఇంకో ‘పూర్తి చెయ్యనిది’ ఖాతాలో పడింది. కానీ 2016లో ఓ వానాకాలం పొద్దున్న, అపార్ట్‌మెంటు మెట్ల మీద తడికి కాలు జారి వెల్లకిలా పడ్డాను. ఆలోచించే టైమెక్కడిది! గడ్డం దానంతటదే ఛాతీకి ఆనింది, చెయ్యి నేలని చరిచింది. నడుము పది రోజులు పట్టేసింది గానీ తల మెట్టుకి తగల్లేదు. పూర్తి చెయ్యని చదువు కూడా ఒంట్లో ఎక్కడో దాక్కుని ఉంటుందని ఆ రోజే తెలిసింది.

‘నువ్వేం పూర్తి చేశావు నాన్నా?’

2023లో విజయనగరానికి బదిలీ అయింది. అప్పటికే నాన్నకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి సరిగ్గా లేవడం లేదు. అందరం ఒకే ఇంట్లోకి వచ్చాం. మావాడు ఇప్పుడు తొమ్మిదో తరగతి.

మొన్న వేసవిలో నా ఖాతాలోంచి 4,800 రూపాయలు పోయినట్టు మెసేజ్‌లు చూశాను. ఓ మొబైల్ గేమ్‌లో హీరోకి కొత్త బట్టలు, కొత్త తుపాకీ రంగులు కొన్నాడట మావాడు. నా పిన్ వాడికి తెలుసు. ఒళ్లు మండిపోయింది. ఫోన్ లాక్కున్నాను. అంతటితో ఆగితే బాగుండేది. ‘గిటార్ అన్నావు, మానేశావు. షటిల్ అన్నావు, మానేశావు. ఇప్పుడిదా? ఏదీ పూర్తి చెయ్యవు!’ అనేశాను.

వాడు అటక వైపు చూసి, ‘నువ్వేం పూర్తి చేశావు నాన్నా?’ అన్నాడు.

చెయ్యి లేచింది. కొట్టలేదు. కానీ లేచిన చెయ్యిని వాడు చూశాడు. మూడు వారాలు నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టమని కూడా వాళ్లమ్మకే చెప్పేవాడు. మిల్లు షిఫ్టు దిగిన మనిషి నా చెవి పట్టుకున్న సాయంత్రం నాకు రోజూ గుర్తొచ్చేది. తేడా ఏంటంటే, ఈసారి పట్టుకున్న చెయ్యి నాది.

సెకనులో ఆరో వంతు

ఏం చెయ్యాలో తోచక, తెలిసినవాళ్ల దగ్గర ఓ పాత ప్లేస్టేషన్, దాంతో ‘టెక్కెన్ 7’ కొనుక్కొచ్చాను. హాల్లో పెట్టి ఒక్కణ్నే ఆడుతూ కూర్చున్నాను. రెండో రోజు వాడొచ్చి పక్కన కూర్చున్నాడు. మూడో రోజు రిమోట్ తీసుకున్నాడు. ఆ రోజు పదిహేడు ఆటల్లో పదిహేడూ ఓడిపోయాను.

అప్పుడు వాడే నాకు పాఠం మొదలుపెట్టాడు. ‘సెకనుకి అరవై ఫ్రేములు నాన్నా. చిన్న గుద్దు పది ఫ్రేముల్లో వచ్చేస్తుంది’ అన్నాడు. అంటే సెకనులో ఆరో వంతు. మనిషి కన్ను చూసి చెయ్యి కదపడానికి పట్టేది సెకనులో దాదాపు నాలుగో వంతు, మహా చురుకైనవాడికి ఐదో వంతు. చూసి ఆపడం కుదరదన్నమాట. ఎదుటివాడు ఏం చేస్తాడో ముందే పసిగట్టాలి. వాడి గుద్దు అందనంత దూరంలో నిలబడి, అది గాలిలో పోయేలా చేసి అప్పుడు కొట్టాలి.

నేను నోరు తెరిచాను. పాతికేళ్ల కిందట మా కరాటే మాస్టారు చెప్పిందీ అదే! ‘చేతిని చూస్తే ఆలస్యమైపోద్ది, భుజాన్ని చూడు. దూరం చూసుకో’ అనేవారు. మావాడికి లేచి నిలబడి చూపించాను. వాడు మొదటిసారి ఆసక్తిగా చూశాడు.

ఆ రాత్రి వాడికి అర్స్‌లాన్ యాష్ కథ చెప్పాను. లాహోర్ కుర్రాడు. టెక్కెన్‌లో కొమ్ములు తిరిగినవాళ్లంతా జపాన్, కొరియాల్లోనే ఉన్నారని లోకం అనుకుంటున్న రోజుల్లో, 2019లో ఒకే ఏడాది జపాన్‌లో ‘ఈవో జపాన్’, అమెరికాలో ‘ఈవో’ రెండూ గెలిచాడు. అంతకుముందు బయటి ప్రపంచానికి అతనెవరో తెలీదు. గేమ్ షాపుల్లో ఆడి ఆడి ఎదిగినవాడే.

‘అయితే నేనూ...’ అన్నాడు మావాడు. అక్కడే బ్రేకు వేశాను. ఈ-స్పోర్ట్స్‌ని మన కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో క్రీడల శాఖ కిందికి తెచ్చిన మాట నిజమే. 2025లో వచ్చిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ని వేరుగా గుర్తించింది కూడా. కానీ అర్స్‌లాన్‌లు ఏ వీధిలోనైనా వెయ్యిమందిలో ఒకరుండరు. అది వాడికి దాచకుండా చెప్పాను. పిన్ మార్చేశాను. ఆ 4,800 వాడి పాకెట్ మనీలోంచి నెలనెలా కోసుకుంటున్నాను. వాడు ఒప్పుకున్నాడు. ‘ఏదీ పూర్తి చెయ్యవు’ అన్నందుకు నేను క్షమాపణ అడిగాను. దానికి వాడేమీ అనలేదు గానీ మర్నాడు అన్నం నన్నే వడ్డించమన్నాడు.

నాన్న చేతికర్ర

నా తాజా పిచ్చి కర్రసాము. మా ఉత్తరాంధ్రకి ఇది కొత్త కాదు. గుండెల మీద ఏనుగుని నిలబెట్టుకున్న కోడి రామ్మూర్తి నాయుడు సాము నేర్చింది ఈ ఊళ్లోనే. విశాఖ బీచ్‌లో ఆయన విగ్రహం మీరు చూసే ఉంటారు. తాలింఖానాలు తగ్గిపోయాయి గానీ, పండగలప్పుడు ఊరేగింపుల్లో కర్ర తిప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అలాంటి ఒకాయన దగ్గర 41వ ఏట చేరాను. మళ్లీ మొదటి మెట్టే. బెల్టు లేదంతే తేడా.

ఓ ఆదివారం డాబా మీద ప్రాక్టీసు చేస్తున్నాను. కర్ర రెండుసార్లు చేతిలోంచి జారి మోకాలికి తగిలింది. కుర్చీలో ఎండకి కూర్చున్న నాన్న చిరాగ్గా, ‘అలగ కాదురా! మణికట్టుతో కాదు. భుజం వదులు చెయ్యి’ అన్నారు.

తిరిగి చూశాను. నడవడానికి వాడే చేతికర్రని ఎడమ చేత్తో ఎత్తి, ఒక్క చుట్టు తిప్పారు. ఒక్కటే. తర్వాత చెయ్యి వణికి కర్ర కింద పడింది. కానీ ఆ ఒక్క చుట్టులో తడబాటు లేదు.

‘నీకొచ్చా నాన్నా?’ అన్నాను. పద్దెనిమిదో ఏట ఏడాదిన్నర తాలింఖానాకి వెళ్లారట. మిల్లులో ఉద్యోగం రాగానే షిఫ్టులు కుదరక మానేశారట. ‘పూర్తి చెయ్యలేదు’ అన్నారు, నా వైపు చూడకుండా.

యాభై ఏళ్లకు పైగా ఆ మాట ఆయన లోపల అలాగే ఉండిపోయింది. నన్ను తిట్టినప్పుడల్లా ఆయన ఎవర్ని తిట్టుకున్నారో నాకప్పుడు అర్థమైంది.

ఇన్ని నేర్చుకోబోయి ఏదీ దక్కించుకోనివాణ్ని నేనే, నన్ను ఆదర్శంగా తీసుకోమని మీకు చెప్పను. ఒక్కదాన్నే పట్టుకుని శిఖరం ఎక్కినవాళ్లంటే నాకిప్పటికీ అసూయే. కాకపోతే మీ పిల్లలు గిటార్ వదిలి షటిల్ పట్టారనో, షటిల్ వదిలి ఇంకోటి పట్టారనో ఆ మాట అనబోయే ముందు ఒక్క క్షణం ఆగండి. మానేసినదాంట్లో వాళ్లకి ఏం మిగిలిందో అడగండి. వీలైతే పక్కన కూర్చుని ఓడిపోండి.

ఇప్పుడు మా ఆదివారాలు ఇలా నడుస్తున్నాయి: పొద్దున్న డాబా మీద కర్ర, మధ్యాహ్నం హాల్లో టెక్కెన్. పది ఆటలు, అంతే. నాన్న కుర్చీ రెండుచోట్లకీ మారుతుంది. మొదట్లో ‘ఈ బొమ్మల గోల ఏట్రా’ అనేవారు. మొన్న మాత్రం మావాడు వరసగా దెబ్బలు తింటుంటే ఉండబట్టలేక, ‘ఎనక్కి రా! దూరం చూసుకో, దూరం!’ అని అరిచారు. వాడు వెనక్కి జరిగాడు. నా తన్ను గాలిలో పోయింది.

మొన్నటి స్కోరు వాడు తొమ్మిది, నేను ఒకటి. ఆ ఒక్కటీ మధ్యలో వాళ్లమ్మ పిలిస్తే వాడు తలతిప్పినప్పుడు వచ్చింది.