జతచేసిన ఫైళ్లు, జారిపోయే అక్షరాలు

హోసూరు ప్రాంతంలో పెద్దల నోట పాటలు, పలుకుబళ్లు సేకరిస్తున్న ఉపాధ్యాయ మిత్రులొకరు ఈ-మెయిల్‌కు జతచేసి రెండు ఫైళ్లు పంపారు. వాటిని సరిచూడవలసిన కృష్ణగిరి మిత్రుడు నాకు ఫోన్ చేశారు: "సార్, మాకాడ వర్డ్ లేదు. దుడ్డు పెట్టి కొనేకి కాదు. చూసేదెట్ల?"

కొననక్కరలేదు. వర్డ్ అనేది ఒక ప్రోగ్రాము పేరు; అందులో తయారైన ఫైలును ఇతర ప్రోగ్రాములూ చదవగలవు. డాక్స్ ఫైలు నిర్మాణం 2008లో అంతర్జాతీయ ప్రమాణమైంది. ఓపెన్ ఆఫీస్ నుంచి 2010లో విడివడిన లిబ్రె ఆఫీస్‌ను ఉచితంగా దింపుకొని డాక్, డాక్స్, ఎక్సెల్, పవర్‌పాయింట్ ఫైళ్లన్నీ తెరవవచ్చు. తమిళనాడుకు ఇది కొత్త కాదు. ప్రభుత్వ సంస్థ ఎల్కాట్ 2007 ప్రాంతంలోనే లినక్స్, ఓపెన్ ఆఫీస్‌ల వైపు మళ్లింది. ఫోనులోనైతే గూగుల్ డాక్స్ చాలు. పట్టికలు కాస్త అటూ ఇటూ జరగవచ్చు, అంతే. దిద్ది తిరిగి పంపేటప్పుడు మాత్రం డాక్స్‌గా భద్రపరచాలి.

మొదటి ఫైలు ఇలాగే తెరుచుకుంది. రెండోదీ తెరుచుకుంది గాని, తెలుగుకు బదులు ఇంగ్లీషు అక్షరాలు, వింత గుర్తులు కలగాపులగంగా కనిపించాయి. ఫైలు చెడిపోయిందని మిత్రుడు దాన్ని తీసివేయబోయారు. తొందరపడవద్దన్నాను.

ఇక్కడ లిపికీ సంకేతానికీ ఉన్న భేదం గమనించాలి. యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఉంది: అ 3077, క 3093. క్ష అంటే క, పొల్లు, ష - మూడు సంఖ్యలు. ఫాంటు మారినా ఈ సంఖ్యలు మారవు. పాత డి.టి.పి. ఫాంట్లలో అలా కాదు. ఇంగ్లీషు అక్షరాల సంఖ్యల మీదనే తెలుగు బొమ్మలు తొడిగారు. తలకట్టు ఒక బొమ్మ, వత్తు ఇంకొక బొమ్మ. ఆ ఫాంటు లేని యంత్రంలో తొడుగు ఊడి కింది ఇంగ్లీషు బయటపడుతుంది. ఎంత ఖరీదైన ప్రోగ్రాము కొన్నా ఫలితం అదే.

కనుక ఏ ఫాంటులో టైపు చేశారో పంపినవారిని అడగాలి. చదవడానికి మాత్రమే అయితే ఫాంటు ఉన్న యంత్రంలోనే పి.డి.ఎఫ్. చేయించుకోవచ్చు. దాచుకోవడానికి, వెతకడానికి అది చాలదు; యూనికోడ్‌లోకి మార్చవలసిందే. 2006 చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయ్యాక ఇంట తెలుగు మాట్లాడుతూ తెలుగు చదవలేని పిల్లలున్న చోట, ఉన్న నాలుగు పుటలూ చెక్కుచెదరకుండా ఉండాలి.

మార్పిడి ప్రోగ్రాములు వత్తుల దగ్గర తడబడతాయి. మూలంతో పోల్చి చదవాలి. ఆ చదివేవారు హోసూరు మాట ఎరిగినవారైతే మేలు. లేకుంటే "కొనేకి" అన్నది తప్పనుకొని "కొనడానికి" అని దిద్దేస్తారు.