బొగ్గు బూడిద ఇటుకలు: మగ్గపు ఇంటికి పనికివచ్చునా?

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇతరులకు ఇల్లు నివాసము మాత్రమే. మనకు అదియే కార్ఖానా కూడను. గోడ చెమ్మ పట్టిన పడుగు చెడును, చీరకు మరక పడును, గుంట మగ్గములో కాళ్ళు పెట్టి కూర్చున్నవానికి కీళ్ళు పట్టును. కావున ఇటుకను గూర్చి మన పత్రికలో వ్రాయుట అప్రస్తుతము కాదని తలచుచున్నాను.

షోలాపురము, రాయచూరు, మెట్టూరు, తాల్చేరు ప్రాంతములలో బొగ్గుతో విద్యుచ్ఛక్తి తీయు కేంద్రములున్నవి. మన దేశపు బొగ్గులో బూడిద పాలు హెచ్చు. 100 టన్నులు కాల్చిన 30 నుండి 40 టన్నుల వరకు బూడిదయే మిగులును. అందులో అధికభాగము పొగతోపాటు పైకెగయు మెత్తని పొడి. దీనిని యంత్రములతో పట్టి, వాడుక కానిదానిని నీటితో కలిపి చెరువులలో నింపుదురు. 2020 ఏప్రిలులో మధ్యప్రదేశ్‌లోని సింగ్రౌలీ జిల్లాలో ఇట్టి బూడిద చెరువు కట్ట తెగి మనుషులు కొట్టుకొనిపోయిరి.

ఈ బూడిదకు ఒక మంచి గుణము కలదు. సున్నముతోను నీటితోను కలిసినప్పుడు మెల్లగా రాయివలె గట్టిపడును. మన తాతలు సున్నములో సుర్కీ కలిపి గానుగ ఆడించి గచ్చు చేసిన సూత్రమే ఇదియును. విశాఖపట్టణమునకు చెందిన ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ అను పరిశోధకులు బూడిద, సున్నము, జిప్సము కలిపిన ‘ఫాల్-జి’ మిశ్రమమును రూపొందించిరి. చిన్న పరిశ్రమలవారు పలువురు దానిని చేపట్టిరి. ఎరువుల కర్మాగారములలో మిగిలిన జిప్సమును కూడ ఇందు వాడవచ్చును. కొందరు సున్నమునకు బదులు సిమెంటు కలుపుదురు. ఇసుకయో, రాతి క్వారీ పొడియో చేర్చి, యంత్రములో అదిమి, ఆరిన పిదప రెండు మూడు వారములు నీటితో తడుపుదురు. బట్టీ లేదు, కాల్చుట లేదు.

మట్టి ఇటుకకు పొలము పైమన్ను పోవును. దానిని తగ్గించుటకే కేంద్ర ప్రభుత్వము 1999 సెప్టెంబరులో బూడిద వాడకమును గూర్చి ఉత్తర్వు వెలువరించినది. 2021 డిసెంబరు ఉత్తర్వు బూడిదను నూటికి నూరుపాళ్ళు వినియోగింపవలెనని కేంద్రములపై బాధ్యత పెట్టినది.

ఇక కొనుగోలు సంగతి. మంచి బూడిద ఇటుక అంచులు తిన్నగా ఉండును. గిలాబా పలుచగా వేసిన చాలును. అయితే గంజి పట్టని పడుగు మగ్గముపై ఎట్లు తెగునో, తడుపు చాలని ఇటుక గోడలో అట్లే పొడి రాలును. తొందరపడి అమ్మువారు లేకపోలేదు. కావున ఈ పరీక్షలు చేయుడు:

ఒకటి, రెండు ఇటుకలు తట్టిన ఖంగుమని మ్రోగవలెను. రెండు, గోటితో గీచిన గీత పడరాదు. మూడు, మూడడుగుల ఎత్తునుండి నేలపై విడిచిన ముక్కలు కారాదు. నాలుగు, బాగుగా ఎండిన ఇటుకను తూచి, 24 గంటలు నీటిలో ఉంచి, తుడిచి మరల తూచుడు. సాధారణపు ఇండ్లకు వాడు తరగతులలో నీరు పీల్చుట నూటికి 20 పాళ్ళు మించరాదని భారత ప్రమాణము. 3 కిలోల ఇటుక 3 కిలోల 600 గ్రాములు దాటిన తీసికొనకుడు.

కట్టునప్పుడు ఈ ఇటుకలను గంటలకొలది నానబెట్టనక్కరలేదు, నీళ్ళు చల్లిన చాలును. పునాదిపై చెమ్మ ఆపు సిమెంటు పట్టీ మాత్రము మానరాదు. నేల చెమ్మను ఇటుక ఒక్కటే ఆపజాలదు. ఇటుకల కార్ఖానాలకు కూలికి పోవు మన ఆడపడుచులు ముక్కుకు, నోటికి గట్టి ముసుగు లేక పొడి బూడిద కలుపరాదు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చెరుపు.

మరొక హెచ్చరిక. బూడిద ఇటుక అయినదిగదా, అద్దకపు నీటిని శుద్ధిచేయగా మిగిలిన మడ్డిని కూడ ఇటుకలలో కలిపిన నేమి అని కొందరడుగుచున్నారు. కలుపరాదు. రసాయనములతో నీటిని శుద్ధిచేయగా మిగిలిన మడ్డిని 2016 నియమములు ప్రమాదకర వ్యర్థముగా లెక్కించినవి. దానిని కాలుష్య నియంత్రణ మండలి అనుమతించిన చోటికే పంపవలెను. నలుగురు పిల్లలు పండుకొను గోడలో దానిని పెట్టి ఆదా చేయుట ఆదా కాదు.

ఒక్కొక్కరు విడిగా కొనిన బేరము అమ్మువానిది. పది కుటుంబములు సంఘము ద్వారా ఒకేసారి కొనిన, పరీక్షాపత్రము చూపుమని అడుగు హక్కును, లారీ కిరాయిలో తగ్గింపును లభించును. నూలు కొనునప్పుడు కౌంటు చూడక చిలప ముట్టని మనము, జన్మలో ఒక్కసారి కట్టు ఇంటికి ఇటుకను చూడక కొనవచ్చునా?