ఆస్పత్రిలో పిల్లలకు మన విద్యార్థుల తోడు: ఎందుకు, ఎలా

వేలూరు పెద్దాసుపత్రి ఓపీ వరుసలో పది నిమిషాలు నిలబడితే తమిళంతో పాటు తెలుగు, బెంగాలీ, హిందీ చెవిన పడతాయి. 1900లో ఐడా స్కడర్ అనే అమెరికన్ మహిళ ఒక్క మంచంతో మొదలుపెట్టిన ఆ వైద్యశాలే క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆస్పత్రిగా ఎదిగింది. చిత్తూరు ఇక్కడికి గంట ప్రయాణం. కడప, అనంతపురం, నెల్లూరు నుంచి కూడా జబ్బు పిల్లలను భుజాన వేసుకుని వస్తారు. చెన్నైలో ఎగ్మూరు పిల్లల ఆస్పత్రికి, అడయారు కేన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కు, బెంగళూరు కిద్వాయికి, ముంబయి టాటా మెమోరియల్‌కు, ఒడిశాలో బరంపురం మెడికల్ కాలేజీకి కూడా తెలుగు కుటుంబాలు ఇలాగే వెళుతుంటాయి. ఆ ఊళ్లన్నిటిలో తరతరాలుగా మనవాళ్లు ఉన్నారు. కానీ వార్డులో మంచం మీద ఉన్న బిడ్డకు ఆ సంగతి తెలియదు. తన చుట్టూ ఉన్నవాళ్లు ఏదో అర్థం కాని భాష మాట్లాడుతున్నారని మాత్రమే తెలుసు.

మా సంఘం తరఫున కాలేజీ విద్యార్థులు కొందరు వారానికోసారి పిల్లల వార్డులకు వెళుతున్నారు. ఇది ఎలా మొదలుపెట్టాలని ఇతర ఊళ్ల సంఘాలవారు అడుగుతున్నారు. పిల్లలను పంపించాలా వద్దా అని తల్లిదండ్రులూ అడుగుతున్నారు. ఇద్దరికీ ఉపయోగపడేలా మాకు తెలిసింది వివరిస్తున్నాం.

ఆస్పత్రి పిల్లలను ఎందుకు భయపెడుతుంది

పెద్దవాళ్లకు జబ్బు భయం. పిల్లలకు జబ్బు కన్నా ఆస్పత్రే భయం. ఆ భయం కూడా వయసును బట్టి మారుతుంది. మూడు నాలుగేళ్ల లోపు బిడ్డకు అమ్మ కనబడకపోవడమే పెద్ద కష్టం. నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లల్లో చాలామంది తాము అల్లరి చేసినందుకే జబ్బు వచ్చిందని, సూది అందుకు శిక్ష అని అనుకుంటారు. ఇంట్లో మనం ‘మాట వినకపోతే డాక్టరు చేత సూది వేయిస్తా’ అని బెదిరించే మాట ఇక్కడ బాగా పనిచేస్తుంది, చెడ్డగా. బడి పిల్లలకు పాఠాలు పోతాయని, స్నేహితులు మరిచిపోతారని బెంగ. పదిహేనేళ్ల వాళ్లకు జుట్టు రాలడం, అందరి ముందు బట్టలు మార్చడం సిగ్గు.

వైద్యలోకం కూడా ఈ సంగతిని ఆలస్యంగానే గుర్తించింది. ఒకప్పుడు ఇంగ్లండు ఆస్పత్రుల్లో తల్లిదండ్రులు పిల్లలను చూడడానికి కూడా లెక్కగట్టి సమయం ఇచ్చేవారు. 1952లో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన, ఆస్పత్రిలో చేరిన రెండేళ్ల పాప రోజురోజుకూ ఎలా ముడుచుకుపోయిందో సినిమా తీసి చూపించాడు. 1959లో ప్లాట్ నివేదిక వచ్చి, తల్లిదండ్రులను ఎప్పుడైనా రానివ్వాలని, చిన్నపిల్లల తల్లులను దగ్గరే ఉండనివ్వాలని సిఫారసు చేసింది. అమెరికాలో క్లీవ్‌లాండ్ నగర ఆస్పత్రిలో 1955లో ఎమ్మా ప్లాంక్ అనే ఉపాధ్యాయురాలు పిల్లల వార్డులో ఆటకు, చదువుకు ప్రత్యేకంగా ఏర్పాటు మొదలుపెట్టింది. ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల ఒడంబడికలో 31వ అధికరణం ఆటను బిడ్డ హక్కుగా చెబుతుంది. మన దేశం 1992లో ఆ ఒడంబడికను అంగీకరించింది.

మన దేశంలో తల్లి బిడ్డ పక్కనే ఉంటుంది. అది మంచిదే. కానీ మంచం పక్కన ఒకరికే పాసు. తండ్రి వరండాలో పడుకుంటాడు, లేదంటే కూలి పోతుందని ఊరికి వెళ్లిపోతాడు. తల్లికి నిద్ర ఉండదు. మందు ఎక్కడ కొనాలో, ఏ కౌంటరులో డబ్బు కట్టాలో అడగడానికి భాష రాదు. పిల్లల్లో ఎక్కువగా వచ్చే రక్త కేన్సరుకు చికిత్స రెండు మూడేళ్లు సాగుతుంది. మంచి వైద్యం అందితే చాలామంది కోలుకుంటారు కూడా. తలసీమియా పిల్లలకు మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. అంటే ఇది ఒక్కసారి వచ్చి పోయే కష్టం కాదు. అలాంటి తల్లికి వారంలో ఒక గంట ‘అమ్మా, మీరు వెళ్లి స్నానం చేసి, భోంచేసి రండి, మేము ఇక్కడే ఉంటాం’ అని తెలుగులో ఒకరు చెబితే, అది బిడ్డకు ఎంత మేలో తల్లికీ అంతే.

విద్యార్థులు చేసేది ఏమిటి

చేసేది చిన్న పనులే. కథ చెప్పడం, బొమ్మలు గీయించడం, అష్టాచెమ్మా ఆడడం, బడి పాఠం ఒక పేజీ చదివించడం. పేదరాశి పెద్దమ్మ కథలు, తెనాలి రామకృష్ణుని కథలు, ఏడు చేపల కథ, పొడుపు కథలు బాగా పనికొస్తాయి. కాగితం మడిచి చేసిన వేలి బొమ్మలు ఉంటే తోలుబొమ్మలాట మంచం మీదే ఆడించవచ్చు. చేతికి డ్రిప్పు ఉన్న బిడ్డకు ఒంటిచేత్తో ఆడే ఆట కావాలి. లేవలేని బిడ్డకు వినే ఆట కావాలి. మాట్లాడడం ఇష్టం లేని బిడ్డ దగ్గర ఊరికే కూర్చుని బొమ్మ గీస్తుంటే సరిపోతుంది. కాసేపటికి తనే తొంగిచూస్తాడు.

సూది వేసే సమయంలో తోడు ఉండడం కాస్త నేర్పుతో చేసే పని. పిల్లల మనసు మళ్లిస్తే నొప్పి, భయం తగ్గుతాయని పరిశోధనల్లో తేలింది. నర్సమ్మ ఒప్పుకుంటే సబ్బు బుడగలు ఊదిస్తారు. పొడవుగా ఊపిరి వదిలేటప్పుడు ఒళ్లు వదులవుతుంది. లేకపోతే అంకెలు వెనక్కి లెక్కపెట్టిస్తారు. ‘నొప్పి ఉండదు’ అని మాత్రం చెప్పకూడదు. ఒకసారి అబద్ధం చెబితే బిడ్డ మళ్లీ నమ్మడు. ‘చీమ కుట్టినట్టు ఉంటుంది, అయిదు లెక్కపెట్టేలోగా అయిపోతుంది, ఏడుపొస్తే ఏడువు, పర్లేదు’ అనాలి. ఈ మాట బిడ్డ భాషలో ఉండాలి. నర్సమ్మ ఎంత మంచిదైనా, తమిళంలోనో కన్నడంలోనో చెబితే ఆ బిడ్డకు గొంతులోని హడావిడే వినిపిస్తుంది.

మన పిల్లల తెలుగు సరిపోతుందా అని చాలామంది అడుగుతున్నారు. మన ఇళ్లలో పిల్లలు తెలుగు మాట్లాడతారు, చదవడం రాయడం చాలామందికి రాదు. కథ చెప్పడానికి అక్షరాలు అక్కరలేదు. మన తెలుగులో తమిళం, కన్నడం, ఒడియా, మరాఠీ కలిసి ఉంటాయి. కడప బిడ్డ మన యాస విని నవ్వుతాడు. నవ్వనివ్వండి. ‘అక్కా, అలా అనకూడదు, ఇలా అనాలి’ అని దిద్దుతాడు. అప్పటిదాకా అందరూ తనకు ఏదో ఒకటి చేస్తుంటే పడుకుని ఉన్న బిడ్డ ఆ క్షణంలో గురువవుతాడు. మా విద్యార్థుల్లో ఇద్దరు వార్డులోని ఒక అయిదో తరగతి పిల్ల దగ్గరే గుణింతాలు నేర్చుకున్నారు.

ఇంట్లో అవ్వ తాతలకూ ఇక్కడ పని ఉంది. వారానికొక కథ, నాలుగు పొడుపు కథలు మనవలకు నేర్పి పంపాలి. ఇన్నాళ్లు ఇంట్లో అడిగేవారు లేక మూలపడ్డ కథలకు ఇప్పుడు గిరాకీ వచ్చింది.

తప్పక పాటించాల్సిన నియమాలు

ఇది దయతో చేసే పనే అయినా, నియమం లేకపోతే హాని జరుగుతుంది.

1. అనుమతి: ఆస్పత్రి అధికారికి సంఘం లెటర్‌హెడ్ మీద రాసి, రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. మెడికల్ సోషల్ వర్కరును, వార్డు సిస్టరును ముందుగా కలవాలి. ఆ రోజు ఏ బిడ్డ దగ్గరకు వెళ్లాలో, ఎవరి దగ్గరకు వెళ్లకూడదో సిస్టరే చెబుతారు. ఆ మాటకు ఎదురు లేదు.

2. వయసు: పద్దెనిమిదేళ్లు నిండినవారే వార్డుకు వెళ్లాలి. బడి పిల్లలు ఇంటి దగ్గరే వేలి బొమ్మలు చేసి, బొమ్మల కార్డులు గీసి పంపవచ్చు.

3. చేతులు: ఒక మంచం నుంచి ఇంకో మంచానికి వెళ్లే ప్రతిసారీ చేతులు శుభ్రం చేసుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం శానిటైజరుతో 20 నుంచి 30 సెకన్లు, సబ్బు నీళ్లతో 40 నుంచి 60 సెకన్లు పట్టాలి. ఉంగరాలు, గాజులు తీసి వెళ్లాలి.

4. జలుబు, జ్వరం ఉంటే వెళ్లకూడదు. కేన్సరు మందు పడుతున్న పిల్లలకు రోగాన్ని తట్టుకునే శక్తి బాగా తగ్గిపోతుంది. మనకు మామూలుగా తగ్గిపోయే ఆటలమ్మ, తట్టు ఆ బిడ్డకు ప్రాణాపాయం. ఆటలమ్మ పొక్కులు కనబడక ముందు ఒకటి రెండు రోజుల నుంచే అంటుకుంటుంది. కాబట్టి ఇంట్లో ఎవరికి వచ్చినా చెప్పి ఆగిపోవాలి. విద్యార్థుల టీకాల వివరం ఆస్పత్రివారికి ముందే ఇవ్వాలి.

5. తినేది ఏదీ ఇవ్వకూడదు. బిస్కెట్టు కూడా వద్దు. మత్తు ఇచ్చే ముందు పిల్లలను కొన్ని గంటలు ఖాళీ కడుపుతో ఉంచుతారు. కడుపులో ఆహారం ఉంటే మత్తులో పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఏ బిడ్డకు ఏ పథ్యమో మనకు తెలియదు.

6. బొమ్మలు కడగడానికి వీలైనవే కావాలి. బొచ్చు బొమ్మల్లో క్రిములు నిలుస్తాయి. ఏటికొప్పాక, చన్నపట్న బొమ్మలు ముచ్చటగా ఉన్నా, కడిగి తుడిచే తీరు సిస్టరును అడిగి తెలుసుకున్నాకే తీసుకెళ్లాలి. బెలూన్లు వద్దు. పగిలిన ముక్క పసివాళ్ల గొంతుకు అడ్డం పడుతుంది.

7. ఫొటో తీయకూడదు, వాట్సాప్‌లో పెట్టకూడదు, బిడ్డ పేరు, జబ్బు బయట చెప్పకూడదు. తల్లి ఒప్పుకున్నా వద్దు. సాయం పొందేవాళ్లు కాదనలేక ఒప్పుకుంటారు.

8. ఎప్పుడూ ఇద్దరు కలిసి వెళ్లాలి. బిడ్డతో ఒంటరిగా ఉండకూడదు. తెర వేసి ఉంటే లోపలికి తొంగిచూడకూడదు.

9. జబ్బు గురించి మాట్లాడకూడదు. ‘తగ్గిపోతుందిలే’ అని హామీ ఇవ్వకూడదు. నాటు మందు, మొక్కు, జాతకం గురించి సలహా వద్దు. డాక్టరు మాటను తెలుగులోకి చెప్పమని ఎవరైనా అడిగితే, మందు, ఆపరేషను, సంతకం విషయాల్లో ఆస్పత్రి సిబ్బందిని పిలవాలి. ఒక్క మాట తప్పుగా చెబితే మందు మోతాదు మారిపోతుంది. కౌంటరు ఎక్కడో, క్యాంటీను ఎక్కడో చెప్పడం వరకు మన పని.

పండ్ల పంపిణీ వేరు, తోడు వేరు

పుట్టినరోజుకో పండుగకో వార్డుకు వెళ్లి పండ్లు పంచి, ఫొటో దిగి రావడం చాలా చోట్ల ఆనవాయితీ. ఇచ్చేవారి మనసు మంచిదే. కానీ నలభైమంది ఒకేసారి వచ్చి పది నిమిషాల్లో వెళ్లిపోతే బిడ్డకు మిగిలేది సందడి పోయిన తర్వాతి నిశ్శబ్దం. ప్రతి శనివారం అదే సమయానికి అదే ఇద్దరు వస్తే, బిడ్డ బుధవారం నుంచే ఎదురు చూస్తాడు. అందుకే మేము విద్యార్థులను కనీసం ఆరు నెలలు వస్తామని మాట ఇచ్చాకే తీసుకుంటాం. పరీక్షల నెలలో రాలేకపోతే ముందు వారమే బిడ్డకు చెప్పి రావాలి.

కాలేజీల్లో జాతీయ సేవా పథకం 1969 నుంచి ఉంది. అందులో చేరిన విద్యార్థి ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. ప్రోగ్రాం ఆఫీసరు ఒప్పుకుంటే ఈ వార్డు గంటలను అందులో చూపించుకునే వీలుంటుంది. చదువు పాడవుతుందని భయపడే తల్లిదండ్రులకు ఈ సంగతి చెప్పండి. వారానికి రెండు గంటలకు మించి మేము అడగడం లేదు.

మన పిల్లల మనసు సంగతి

ఇది మాట్లాడకుండా దాటవేయకూడదు. ఒక వారం వెళ్లేసరికి తెలిసిన మంచం ఖాళీగా ఉంటుంది. ఒక్కోసారి బిడ్డ ఇంటికి వెళ్లి ఉంటాడు. ఒక్కోసారి కాదు. పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల పిల్లలకు అది పెద్ద దెబ్బ. తల్లిదండ్రుల భయమూ ఇదే, అది న్యాయమైన భయం.

అందుకే వార్డు నుంచి బయటకు వచ్చాక నేరుగా ఇంటికి పంపకూడదు. అరగంట కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ఏం చూశారో చెప్పనివ్వాలి. వినడానికి సంఘంలో ఒక పెద్దవారు ఉండాలి. రిటైరైన నర్సులు, ఉపాధ్యాయులు ఉంటే మరీ మంచిది. ‘ధైర్యంగా ఉండాలి’ అనే ఉపన్యాసం అక్కరలేదు. నిద్ర పట్టడం లేదని, తిండి సయించడం లేదని ఎవరైనా చెబితే కొన్ని వారాలు ఆపి, అవసరమైతే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి. మానేస్తామన్నవారిని తక్కువగా చూడకూడదు. బిడ్డ ఇంటి నంబరు తీసుకోవడం, తమ నంబరు ఇవ్వడం వద్దని చెప్పడానికి కారణం కూడా ఇదే. ఆ భారం ఒక్కరి మీద పడకూడదు, సంఘం మోయాలి.

మీ ఊళ్లో మొదలుపెట్టాలంటే

ముందు నలుగురు విద్యార్థులు, ఇద్దరు పెద్దలు చాలు. ఒకే ఆస్పత్రి, ఒకే వార్డు, వారానికి ఒక్క రోజు. ముంబయిలో పరేల్, వర్లీ ప్రాంతాల్లో తరతరాలుగా ఉన్న మన పద్మశాలి కుటుంబాలకు టాటా మెమోరియల్ దగ్గరే. వార్డులోకి అనుమతి దొరక్కపోతే బయటి ఊళ్ల పిల్లల కుటుంబాలు దిగే వసతి గృహాలను అడగవచ్చు. కేన్సరు పిల్లల కుటుంబాలకు ఉచిత వసతి ఇచ్చే సెయింట్ జూడ్ సెంటర్లు 2006లో మొదలైంది ముంబయిలోనే. బరంపురం, బళ్లారి లాంటి ఊళ్లలో ఆస్పత్రి సిబ్బందిలోనే తెలుగు తెలిసినవారు ఉంటారు. వారిని ముందు కలిస్తే పని సులువు.

ఒక రిజిస్టరు పెట్టండి. తేదీ, వెళ్లినవారి పేర్లు, వెళ్లిన సమయం, వచ్చిన సమయం, సిస్టరు సంతకం. అందులో పిల్లల పేర్లు రాయవద్దు. చందాలు వసూలు చేయవద్దు. రంగు పెన్సిళ్లు, కాగితాలు, శానిటైజరు తప్ప పెద్ద ఖర్చేమీ ఉండదు.

తెలుగు నిలవాలని మన సంఘాలు ఉగాదికి సభలు పెడతాయి, పద్యాల పోటీలు పెడతాయి. అవి జరగాల్సిందే. అయితే మన ఊరి వార్డులోనే, మన భాషలో ఎవరైనా పలకరిస్తారేమోనని చూస్తున్న పిల్లలు ఉన్నారు. మన ఇంటి పిల్లలకు వచ్చిన ఆ కాస్త తెలుగు అక్కడ వెంటనే అక్కరకొస్తుంది. వచ్చే నెల సమావేశంలో మీ మీ సంఘాలు ఈ విషయం ఎజెండాలో చేర్చాలని మా మనవి.