రక్తంలో తేలే తునకలు - ఊపిరితిత్తుల కేన్సరు పరీక్షలు

ఊపిరితిత్తుల కేన్సరుకు వైద్యం పొందుతున్నవారి రిపోర్టుల్లో 'సైఫ్రా 21-1' అనే పేరు, పక్కన ఒక అంకె కనబడుతుంటాయి. అంకె కాస్త ఎక్కువుంటే ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. తక్కువుంటే ఇక భయం లేదని ఊరుకుంటారు. రెండూ తొందరపాటే. ఆ అంకె ఎక్కడినుంచి వస్తుందో తెలుసుకుంటే దాన్ని ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది.

చర్మం, శ్వాసనాళాల లోపలి పొర, పేగుల పొర - వీటిలోని కణాలను ఎపిథీలియల్ కణాలంటారు. పందిరికి వాసాల మాదిరిగా ఈ కణాల లోపల సన్నని ప్రోటీను పోగులుంటాయి. వీటికి సైటోకెరటిన్లు అని పేరు. గోళ్ళలో, వెంట్రుకల్లో ఉండే కెరటిన్‌కు ఇవి దగ్గర చుట్టాలు. సుమారు ఇరవై రకాలున్న వీటిలో 19వ నంబరుది అన్నింటికన్నా చిన్నది. అది శ్వాసనాళాల పొరలో ఉంటుంది, ఆ పొరనుంచి పుట్టిన కేన్సరు కణాల్లోనూ ఉంటుంది.

ఈ పోగులు నీటిలో కరగవు. కణం బతికి ఉన్నంతకాలం దాదాపు లోపలే ఉండిపోతాయి. కణం చనిపోయేటప్పుడు మాత్రం కాస్పేజులు అనే ఎంజైములు లోపలి సామానంతా కోసేస్తాయి. పాత ఇల్లు కూల్చేటప్పుడు దూలాలను ముక్కలు చేసి బయటికి మోసినట్టే ఇది. తునకైన సైటోకెరటిన్ కరుగుతుంది, రక్తంలో కలుస్తుంది. కేన్సరు గడ్డలో కణాలు ఎడాపెడా పుడుతూ ఉంటాయి, రక్తం చాలక చచ్చేవీ చాలానే ఉంటాయి. పరీక్షకు దొరికేది ఆ శిథిలాలే. పేరులోని 21, 1 అంకెలు ఏమిటని పిల్లలు అడగవచ్చు. తునకను రెండుచోట్ల పట్టుకునే రెండు యాంటీబాడీల పేర్లు బి.ఎం. 19.21, కె.ఎస్. 19.1. ఆ పేర్ల చివరి అంకెలే ఇవి.

చాలా ల్యాబులు మిల్లీలీటరుకు 3.3 నానోగ్రాముల ప్రాంతంలో హద్దు పెట్టుకుంటాయి. అయితే కణాలు చచ్చేది కేన్సరులోనే కాదు. ఊపిరితిత్తుల ఇతర జబ్బుల్లోనూ ఈ తునకలు పెరగవచ్చు. మూత్రపిండాలు సరిగా పనిచేయకపోతే రక్తంలోనే నిలిచిపోతాయి. శాంపిలులో ఉమ్మి తుంపర పడినా అంకె పెరుగుతుంది! ఇటు చూస్తే, తొలి దశలోని చిన్న గడ్డ ఉన్న చాలామందికి అంకె హద్దులోపలే ఉంటుంది. కనుక 'కేన్సరు ఉందో లేదో ఒక్క రక్త పరీక్షతో' అనే ప్యాకేజీలకు డబ్బు కట్టే ముందు ఆలోచించాలి. మూడు వారాలు దాటిన దగ్గు, కళ్ళెలో రక్తం ఉంటే ఎక్స్‌రే, స్కాను, అవసరమైతే ముక్క తీసి చేసే బయాప్సీ - ఇవే దారి. సైఫ్రా మామూలుగా ఉందని వీటిని వాయిదా వేయకూడదు.

మరి దీని ఉపయోగమేమిటి? బ్యాంకులో పనిచేసినవాణ్ణి గనుక ఇలా చెబుతాను. పాసుబుక్కులో ఒక్కరోజు నిల్వ చూసి మనిషి స్థితి చెప్పలేము. వరసగా ఎంట్రీలు చూస్తే చెప్పవచ్చు. ఇదీ అంతే. చికిత్సకు ముందు ఒకసారి, తర్వాత కొన్నాళ్ళకొకసారి, అదే ల్యాబులో, అదే పద్ధతిలో చూడాలి. ఆపరేషనులో గడ్డ పూర్తిగా పోతే అంకె కొద్దిరోజుల్లోనే దిగుతుంది. దిగింది మళ్ళీ వరసగా ఎక్కుతుంటే డాక్టరు స్కాను తీయిస్తారు. కీమోథెరపీ మొదలైన తొలి రోజుల్లో కొందరికి అంకె పెరుగుతుంది. మందుకు కణాలు గుంపుగా చచ్చి తునకలు ఎక్కువగా రావడమే అందుకు కారణం కావచ్చు. అది చూసి మందు పనిచేయడంలేదని మానుకోరాదు.

స్మాల్ సెల్ అనే రకానికి ఎన్.ఎస్.ఇ., ప్రో-జి.ఆర్.పి. అనే వేరే పరీక్షలున్నాయి. 1965లో మాంట్రియల్‌లో గోల్డ్, ఫ్రీడ్‌మన్ కనుగొన్న సి.ఇ.ఎ. కూడా వాడతారు గాని, పొగతాగేవారిలో అది జబ్బు లేకున్నా కొంత ఎక్కువే ఉంటుంది. ల్యాబు టెక్నీషియను కోర్సులో ఉన్న మన విద్యార్థులకు ఒక మాట. ఎన్.ఎస్.ఇ. ఎర్ర రక్తకణాల్లోనూ ఉంటుంది. ట్యూబు గట్టిగా కుదిపినా, సీరం వేరుచేయడం ఆలస్యమైనా ఆ కణాలు పగిలి, లేని జబ్బు రిపోర్టులో కనబడుతుంది.