మన గుండ్ల కింద మనవాళ్లు

ఊర్లో నన్ను అందరూ ముందు అడిగేది ఒకటే: "కార్గిల్ల ఎంతమందిని కొట్టినవే?" బంట్వారం చాయ్ హోటల్ ముందు కూర్చునే పెద్దమనుషులకు నా జవాబు ఎన్నడూ నచ్చలేదు. నేను ఒక్క శత్రువునూ చూడలేదు. తోపుల దగ్గర పనిచేసేవాడికి శత్రువు కనబడడు. కనబడ్డాడంటే ఎక్కడో ఏదో తప్పు జరిగిందనే లెక్క. ద్రాస్‌లో కొన్ని బోఫోర్స్ తోపులను ముందుకు తెచ్చి, కొండను నేరుగా చూస్తూ కొట్టిన మాట నిజమే కానీ అది వేరే ముచ్చట.

వాళ్లు అడగని ప్రశ్న ఒకటుంది. మీ గుండు మనవాళ్ల మీద పడే పరిస్థితి ఎప్పుడన్నా వచ్చిందా? రిటైరైన తోపుల సిపాయిలం నలుగురం ఒకచోట కలిస్తే మాత్రం మెడళ్ల గురించి మాట్లాడుకోం. ఈ ముచ్చటే తీస్తాం.

నాది ఆర్టిలరీలో టెక్నికల్ అసిస్టెంట్ ఉద్యోగం. సైన్యంలో టీఏ అంటారు. ట్రైనింగ్ గోల్కొండలో, 1962లో పెట్టిన ఆర్టిలరీ సెంటర్‌లో. తోపుల దగ్గర మూడు రకాల మనుషులుంటారు. ఒకడు ముందు, పదాతిదళంతో పాటు కొండెక్కుతాడు. దుర్బిణీ, వైర్‌లెస్ సెట్టు అతని దగ్గరుంటాయి. అతను ఆర్టిలరీ ఆఫీసరే, కానీ చావు వస్తే పదాతి జవాన్ల పక్కనే వస్తుంది. రెండోవాళ్లం మేము, కమాండ్ పోస్టులో మ్యాపు, పట్టికలు ముందేసుకుని లెక్క కట్టేవాళ్లం. మూడోవాళ్లు తోపుల మీద ఉండేవాళ్లు. ముందున్నవాడికి తోపు కనబడదు, తోపు మీదున్నవాడికి గురి కనబడదు. మధ్యలో మాకు రెండూ కనబడవు. ఈ ముగ్గురినీ కలిపేది వైర్‌లెస్‌లో పోయే అంకెలు మాత్రమే.

ఆ అంకెల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. బడిలో వృత్తానికి 360 డిగ్రీలని నేర్పారు. ఆర్టిలరీలో అదే వృత్తాన్ని 6,400 భాగాలు చేస్తారు. ఒక్కో భాగాన్ని మిల్ అంటారు. ఒక మిల్ తేడా వస్తే కిలోమీటరు దూరంలో గుండు ఒక మీటరు పక్కకు పోతుంది. కిలోమీటరుకు ఒక మీటరేగా అనిపిస్తుంది. కానీ తోపు కొట్టేది పదిహేను, ఇరవై కిలోమీటర్ల దూరం. 2340 అని రాయాల్సినచోట తొందరలో 2430 అని రాస్తే తేడా తొంభై మిల్లులు. పదిహేను కిలోమీటర్ల దూరంలో అది దాదాపు 1,300 మీటర్లు అవుతుంది. బోఫోర్స్ 155 మిల్లీమీటర్ల గుండు ఒక్కోటి నలభై కిలోలు దాటుతుంది. అది పేలినచోట యాభై మీటర్ల లోపల నిలబడ్డవాడు బతకడం కష్టం. ఉక్కు ముక్కలు రెండు వందల మీటర్లు దాటి కూడా ఎగురుతాయి. రెండంకెలు తారుమారైతే ఒక పల్లె అవతల పడాల్సింది పల్లె మీద పడుతుంది.

లెక్క తప్పకపోయినా గుండ్లన్నీ ఒకేచోట పడవు. ఒకే తోపు నుంచి, ఒకే కోణంలో, ఒకే మందుతో పది గుండ్లు కొట్టినా అవి కోలగా పరుచుకుని పడతాయి. పక్కకు తేడా తక్కువ, ముందూ వెనకా తేడా ఎక్కువ. కాబట్టి మనవాళ్ల తలల మీదుగా కొట్టడం అన్నిటికన్నా ప్రమాదం. ఒక గుండు కాస్త తక్కువ దూరం పోయిందంటే పడేది వాళ్ల మీదే. పక్క నుంచి కొట్టగలిగితే మేలు. కానీ తోపులు ఎక్కడ పెట్టుకోవాలో ద్రాస్ లోయ చెబుతుంది, మనం కాదు. రోడ్డు పక్కన నాలుగు గజాలు చదునుగా దొరికితే అక్కడే పెట్టుకోవాలి.

ఇక ఆ ఎత్తు. ద్రాస్ ఊరే మూడువేల మీటర్లకు పైన ఉంటుంది. ఎదురుగా ఉన్న శిఖరాలు ఐదువేలు. వాటిలో ఒకటైన పాయింట్ 5140 అంటే 5,140 మీటర్ల ఎత్తని. 2022లో ఆ శిఖరానికి ఆర్టిలరీ గౌరవార్థం గన్ హిల్ అని పేరు పెట్టారు. అంత ఎత్తులో గాలి పలచన, గుండు కింద పోయినదానికంటే ఎక్కువ దూరం పోతుంది. మందు చల్లబడితే తక్కువ పోతుంది. వందల గుండ్లు కొట్టిన గొట్టం లోపల అరిగి, కొత్తదానిలా కొట్టదు. ఇవన్నీ కలుపుకుని, తీసేసుకుని లెక్క కట్టాలి. అప్పట్లో ఒకడు కట్టిన లెక్కను రెండోవాడు విడిగా కట్టి, రెండూ కలిస్తేనే తోపులకు పంపేవాళ్లం.

1999 కార్గిల్ యుద్ధంలో ఆ కొండల మీద మన ఆర్టిలరీ కొట్టిన గుండ్లు, బాంబులు, రాకెట్లు రెండున్నర లక్షలని సైన్యం చెప్పింది. తోపులు, మోర్టార్లు, రాకెట్ లాంచర్లు అన్నీ కలిపి మూడు వందలు. సగటున రోజుకు ఐదువేల గుండ్లు. టైగర్ హిల్ గెలిచిన రోజు తొమ్మిదివేలు దాటాయి. ఇన్నిటిలో ఎన్ని అంకెలు ఎన్ని నోళ్ల నుంచి ఎన్ని చెవుల్లోకి పోయాయో లెక్క వేసుకుంటే నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

జూన్ నెలాఖరులో ఒక రాత్రి. రెజిమెంటు పేరు రాయను, మనుషుల పేర్లు అసలే రాయను. పైన మన కంపెనీ ఒకటి ఎక్కుతోంది. ముందున్న ఆఫీసరు కొత్త గురి ఇచ్చాడు, ఎనిమిదంకెల్లో. ఉత్తరం లెక్కలో మూడో అంకె తొమ్మిది. వైర్‌లెస్‌లో గరగర. మా దగ్గర సెట్టు మీదున్నవాడికి అది ఐదులా వినబడింది. ఆ స్థానంలో నాలుగు తేడా అంటే మ్యాపు మీద నాలుగు వందల మీటర్లు, అదీ మన వైపు. లెక్క అయిపోయింది, తోపులకు అంకెలు పోయాయి, ఆరు తోపుల్లోనూ గుండ్లు ఎక్కించారు. అంతలో మ్యాపు మీద గుర్తు పెడుతున్న హవల్దార్ పెన్సిల్ ఎత్తి, "రోకో" అని అరిచాడు. అరగంట కిందట మనవాళ్లు ఉన్నామని చెప్పిన గట్టు పక్కనే ఆ గుర్తు పడింది. స్టాప్ అన్న మాట తోపుల దాకా పోయింది. మళ్లీ అడిగారు, మళ్లీ చెప్పారు. ఈసారి తొమ్మిది అని స్పష్టంగా వినబడింది. అంతా కలిపి రెండు మూడు నిమిషాలు.

ఈ కథ ఇక్కడితో అయిపోతే హవల్దార్‌ను మెచ్చుకుని ఊరుకోవచ్చు. పెద్దేముల్ దిక్కు నుంచి పదాతిదళంలో చేరి, అదే ఏడు అవే కొండలెక్కిన అన్న ఒకాయన ఉన్నాడు. ఏండ్ల తర్వాత తాండూరులో ఒక పెండ్లిలో ఆయనకు ఇదంతా చెప్పాను. మెచ్చుకుంటాడేమో అనుకున్నాను.

"తమ్మీ, మీ గుండ్లు నెత్తి మీదికెళ్లి పోతున్నంత సేపు మాకు ధైర్యం. ఆగినయనుకో, పైనున్నోడు తల లేపుతడు. మీరు ఆపిన రెండు నిమిషాల్ల మేమెన్ని బూతులు తిట్టినమో నీకెర్కనా?"

"మీ మీద పడుతుందనే గద అన్నా ఆపింది!"

"పడితే ఒక్కటి పడుతుండె. మిషిన్ గన్ మొదలైతే అందరం పోతుంటిమి."

ఆయన మాటలో పెద్ద లెక్కే ఉంది. జవాన్లు దగ్గరపడగానే తోపులు గురి మార్చి అవతలికి కొట్టాలి. ఆ చివరి గుండుకూ, జవాను బంకరు చేరడానికీ మధ్య ఉన్న దూరం వాళ్లు ఏ అండా లేకుండా దాటాలి. మైదానంలో రెండు వందల మీటర్లంటే పరుగు. పదహారువేల అడుగుల ఎత్తులో, వీపు మీద బరువుతో, నిట్టనిలువు రాతి మీద అది అరగంట పని కావచ్చు. అందుకే కంపెనీ కమాండర్లు ఇంకా దగ్గరికి, ఇంకా దగ్గరికి కొట్టమని అడిగేవాళ్లు. మేం కాపాడుతున్నామనుకునే ప్రతి వంద మీటర్ల జాగ్రత్తా వాళ్ల మీద ఇంకోరకం బరువు. హైదరాబాదులో పుట్టిన మేజర్ పద్మపాణి ఆచార్య జూన్ 28న నోల్ అనే గట్టు మీద ప్రాణం వదిలింది ఇలాంటి ఎక్కుడులోనే. మరణానంతరం మహావీర్ చక్ర ఇచ్చారు.

మనవాళ్ల చేతుల్లోనే మనవాళ్లు దెబ్బతినడం కొత్త బాధ కాదు. మా సెంటర్ ఉన్న గోల్కొండనే చూడండి. 1687లో ఔరంగజేబు సైన్యం కోట బురుజు కింద సొరంగం తవ్వి మందు నింపింది. కోటలోనివాళ్లు పసిగట్టి లోపలి వైపు మందును పనికిరాకుండా చేశారు. అంటించగానే పేలుడు వెనక్కి తన్ని, దాడికి సిద్ధంగా నిలబడ్డ మొగలు సిపాయిలనే వందల్లో చంపింది. ఆ కోటలోనే పేట్ల బురుజు మీదున్న ఫతే రహబర్ తోపును చూసి ఫొటోలు దిగేవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రెంచి సైనికులు 75,000 మంది సొంత తోపుల వల్లే దెబ్బతిన్నారని వాళ్ల జనరల్ పెర్సిన్ 1921లో పుస్తకమే రాశాడు. తోపులవాళ్ల మీద రాసింది తోపుల జనరలే. 1971 డిసెంబరు 10న ఖుల్నా దగ్గర పద్మ, పలాశ్ అనే బంగ్లాదేశ్ ముక్తివాహిని పడవలను మన విమానాలే ముంచాయి. మనవే అని తెలియడానికి పైన పసుపు గుర్తు పెట్టుకున్నా లాభం లేకపోయింది. 1991 గల్ఫ్ యుద్ధంలో పోరులో చనిపోయిన అమెరికా సైనికుల్లో దాదాపు నాలుగో వంతు సొంతవాళ్ల చేతుల్లోనే పోయారు. 2019 ఫిబ్రవరి 27న బుడ్గాంలో మన క్షిపణే మన ఎంఐ-17 హెలికాప్టర్‌ను కూల్చింది. అందులోని ఆరుగురు వాయుసేన సిబ్బంది, కింద ఒక పౌరుడు చనిపోయారు. అది మా పెద్ద తప్పు అని ఆ ఏడు అక్టోబరులో వాయుసేనాధిపతి భదౌరియా బహిరంగంగా ఒప్పుకున్నారు. అలా ఒప్పుకోవడం చిన్న విషయం కాదని నేననుకుంటాను.

వీటిలో చివరి మూడింటిలో గురి తప్పినవి తక్కువ. కొట్టిందానికే తగిలింది. అక్కడున్నది ఎవరో తెలియకపోవడంలోనే మోసం జరిగింది.

లెక్క తప్పుల మాటకొస్తే, ఇప్పటి ధనుష్, వజ్ర తోపులు తామెక్కడున్నాయో ఉపగ్రహాన్ని అడిగి తెలుసుకుంటాయి, లెక్క కంప్యూటరు కడుతుంది. మొన్న కంది కోతల టైముకు మా పక్క ఊరి పిల్లగాడొకడు సెలవు మీద వచ్చాడు, అగ్నివీర్‌గా ఆర్టిలరీలోనే ఉన్నాడు. మా రోజుల్లోలా, వచ్చిన అంకెలను ఇంకా గట్టిగా తిరిగి చదివిస్తున్నారా అని అడిగాను.

"స్క్రీన్ మీద కనబడ్డా గట్టిగ చదవాల్నే కాకా. ఒక్క నంబరు మింగితే ఫ్రంట్ రోల్ కొట్టిస్తరు" అన్నాడు మోచేతులు చూపిస్తూ. రెండూ గీరుకుపోయి ఉన్నాయి.