చెడిపోయిన కారు: షోరూముకు ఇవ్వాలా? బయట అమ్మాలా?

పాలు తగ్గిన గేదెను ఏం చేస్తారు? కొందరు సంతకు తోలుకెళ్తారు. కొందరు ఇంటికొచ్చిన బేరగాడికే ఇచ్చేస్తారు. సంతలో నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయి. తిప్పట కూడా ఎక్కువే. బేరగాడు తక్కువిస్తాడు. కానీ పని తొందరగా తెములుతుంది. కారు సంగతీ ఇంచుమించు అంతే.

రేపల్లెలో ఒక కుటుంబం ఉందనుకుందాం. వాళ్లకో పాత కారుంది. బండి కాగితం, అంటే ఆర్.సి., ఇల్లాలి పేరు మీద ఉంది. బాపట్లలో చుట్టాలింటికైనా, తెనాలిలో ఆసుపత్రికైనా అందులోనే వెళ్తారు. ఈ మధ్య తెనాలి చేరకముందే ఇంజను వేడెక్కి ఆగిపోతోంది. బాగుచేయడానికి 25 వేలు అవుతుందని మెకానిక్ చెప్పాడు. ఇప్పుడేం చేయాలి? కాగితం, పెన్సిలు తీసుకుని లెక్క వేయాలి. ఈ అంకెలు ఉదాహరణకు మాత్రమే.

షోరూములో పాత కారు ఇచ్చి కొత్తది తీసుకోవచ్చు. దీన్నే ఎక్స్ఛేంజి అంటారు. పాత కారుకు 90 వేలు కడతామన్నారు. ఎక్స్ఛేంజి బోనస్ మరో 15 వేలు అన్నారు. మొత్తం 1,05,000. వినడానికి బాగానే ఉంది. కానీ ఒక ప్రశ్న అడగాలి. "పాత కారు ఇవ్వకుండా కొంటే ఎంత తగ్గిస్తారు?" 10 వేలు తగ్గిస్తామన్నారు. అంటే ఆ 10 వేలు ఎలాగూ వచ్చేవే. పాత కారుకు నిజంగా వచ్చింది 95 వేలే. ఈ ప్రశ్న అడగనివాళ్లే ఎక్కువ.

బయట ఉన్నదున్నట్టు అమ్మితే 1,10,000 ఇస్తామని ఒకరన్నారు. బాగుచేసి అమ్మితే 1,50,000 వస్తుందట. అందులో 25 వేలు తీసేస్తే 1,25,000. ఇదే మేలు కదా అనిపిస్తుంది. అయితే ఇంజను విప్పాక ఇంకో 20 వేల పని బయటపడిందనుకోండి. అప్పుడు మిగిలేది 1,05,000. ఉన్నదున్నట్టు అమ్మినదానికంటే తక్కువ! అందుకే బ్యాటరీ, టైరు లాంటి చిన్న పనులైతే చేయించి అమ్మడం మంచిది. ఇంజను, గేర్‌బాక్సు పనైతే ఇద్దరు మెకానిక్‌లకు చూపించకుండా విప్పించకూడదు.

ఇక్కడ షోరూముకూ బయటి బేరానికీ తేడా 15 వేలు. అది చిన్న సొమ్మేమీ కాదు. నెల రోజులు ఆగగలిగితే బయట అమ్మడమే లాభం. తేడా మూడు నాలుగు వేలే అయితే షోరూముకే ఇచ్చేయవచ్చు. తిరిగే బాధ తప్పుతుంది.

బయట అమ్మేటప్పుడు లోపం చెప్పాలా? 1872 నాటి కాంట్రాక్టు చట్టం దీని గురించి చెప్పింది. అప్పుడు కార్లు లేవు కదా. అందుకే ఆ చట్టం జబ్బు గుర్రాన్ని ఉదాహరణగా ఇచ్చింది. అమ్మేవాడు ఊరికే మాట్లాడకుండా ఉంటే అది మోసం కాదు. కానీ లోపం లేదని అబద్ధం చెప్తే మోసమే. కావాలని దాచినా మోసమే. "మీరు కాదనకపోతే గుర్రం బాగున్నట్టే అనుకుంటా" అని కొనేవాడు అన్నాక నోరు మెదపకపోయినా అబద్ధమాడినట్టే. మోసం రుజువైతే కొన్నవాళ్లు బేరం రద్దు చేసుకోవచ్చు.

సూర్యలంక, నిజాంపట్నం వైపు ఉప్పుగాలి కదా. అక్కడ తిరిగే బండి అడుగు రేకు తొందరగా తుప్పు పడుతుంది. దాని మీద రంగు పూసి అమ్మితే అది దాచడమే. అంతకంటే అమ్మకం కాగితంలో "ఇంజను వేడెక్కుతుంది, అడుగున తుప్పు ఉంది" అని రాసి ఇద్దరూ సంతకాలు చేయాలి. ధర కొంచెం తగ్గినా తర్వాత గొడవ ఉండదు.

అసలు జాగ్రత్త సంతకం దగ్గర ఉంది. బండి ఇచ్చేశాక కూడా ఆర్.సి.లో పేరు మారకపోతే చట్టం లెక్కలో పాత మనిషే యజమాని. 2009లో ఒక కారు గుద్ది ఒకరు చనిపోయారు. ఆ కారు అప్పటికే వరసగా చేతులు మారింది. పేరు మాత్రం మొదటి మనిషిదే. పరిహారం బాధ్యత పేరున్న మనిషిదేనని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది.

"అమ్మా, ఇక్కడ సంతకం పెట్టండి, మిగతాది మేం రాసుకుంటాం" అంటారు బేరగాళ్లు. ఖాళీ ఫారం మీద పెట్టకూడదు. అమ్మినట్టు తెలిపేది 29వ నంబరు ఫారం. పేరు మార్చమని అడిగేది 30వ నంబరు. కొన్నవారి పేరు, ఊరు, తేదీ నింపాకే సంతకం చేయాలి. అప్పు మీద కొన్న కారైతే, అప్పు తీరినట్టు బ్యాంకు ఇచ్చే కాగితం, 35వ నంబరు ఫారం కూడా కావాలి.

షోరూముకు ఇచ్చినా ఇదే జాగ్రత్త. పాత బండ్ల డీలర్లకు 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి. అనుమతి ఉన్న డీలరుకు బండి అప్పగించినప్పుడు 29సి ఫారం నింపాలి. దాని రసీదు అడిగి తీసుకోవాలి.

కొన్నవాళ్లు మన రాష్ట్రం వాళ్లయితే, అమ్మిన 14 రోజుల్లోపు రవాణా ఆఫీసుకు తెలపాలి. తెలిపిన కాగితం నకలు, కొన్నవారి ఆధార్ నకలు పెట్టెలో దాచుకోవాలి. నెల తర్వాత ఒకసారి ఆర్.సి.లో పేరు మారిందో లేదో చూసుకోవాలి.